అటెండెన్స్ 68 శాతం, రెండు బ్యాక్‌లాగ్‌లు: మెంటర్ దగ్గరికి ఏం పట్టుకొని పోవాల?

చిత్తూరు_ఈసీఈ:
జేఎన్‌టీయూఏ (అనంతపురం జేఎన్‌టీయూ) అఫిలియేటెడ్ ఇంజనీరింగ్ కాలేజీ, ఆర్23 (2023 రెగ్యులేషన్), సెకండియర్ ఫస్ట్ సెమ్. ఇప్పటికి 300 క్లాసులు జరిగితే 204కి ఉన్నా. ఫస్టియర్‌వి రెండు సబ్జెక్టులు పాస్ కాక మిగిలినాయి. మెంటర్‌ని (మా బాగోగులు చూసే సార్‌ని) కలవమంటున్నారు. ఆయన చేతిలో ఏముంటుంది, ఏం అడగాల?

పుత్తూరన్న:
ముందు లెక్క తేల్చుకో తమ్ముడూ. జరిగిన క్లాసుల్ని మూడుతో, నువ్వున్న వాటిని నాలుగుతో గుణించి తీసెయ్. 900లో 816 పోతే 84. ఇకమీదట వరసగా 84 క్లాసులు కూర్చుంటే, పరీక్ష రాయడానికి కావాల్సిన 75 శాతం సరిగ్గా వస్తుంది. సెమ్‌లో ఇంకా అన్ని మిగిలి ఉన్నాయా అన్నది టైంటేబుల్ చూసి లెక్కేసుకొని పో, మెంటర్ మొదట అడిగేది అదే. మిగల్లేదంటే కండోనేషనే (తగ్గిన అటెండెన్స్ మాఫీ). 65కీ 75కీ మధ్య ఉంటే ఫీజు కట్టించుకొని కాలేజీ అకడమిక్ కమిటీ మాఫీ చేయొచ్చు. చేయొచ్చు అంతే, చేసి తీరాలని లేదు. 65 దిగితే ఎవరూ కాపాడలేరు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఇదంతా మొత్తం మీద లెక్క. విడిగా ఒక్కో సబ్జెక్టులోనూ 40 శాతం ఉండాల. ఒకే సార్ క్లాసు పనిగట్టుకొని ఎగ్గొట్టేవాళ్లు అక్కడ దొరికిపోతారు.

సెక్షన్_ఇన్‌ఛార్జ్:
ఫ్యాకల్టీ వైపు నుంచి ఒక మాట. అటెండెన్స్ మార్చే అధికారం మెంటర్‌కి లేదు. సిఫార్సు రాస్తారు, దాని మీద హెచ్‌ఓడీ (బ్రాంచి హెడ్) సంతకం పెట్టాలి. బ్రహ్మోత్సవాల్లో ఎన్ఎస్ఎస్ సేవకు పోయే పిల్లలు దెబ్బ తినేది ఇక్కడే. వచ్చాక తీరిగ్గా ఓడీ లెటర్ (కాలేజీ పని మీద పోయారనే కాగితం) తెస్తారు, అప్పటికి ఆ నెల అటెండెన్స్ లిస్టు నోటీసు బోర్డెక్కేసి ఉంటుంది. తేదీలు, రోల్ నంబర్లు రాసి, ప్రోగ్రామ్ ఆఫీసర్ సంతకంతో పోకముందే ఇవ్వండి. మెడికల్ సర్టిఫికెట్టూ అంతే. సెమ్ చివర తెచ్చిన పాత తేదీ కాగితాన్ని కమిటీ అనుమానంగానే చూస్తుంది. జబ్బు చేసిన వారంలోనే ఇచ్చి, మెంటరింగ్ రిజిస్టర్‌లో ఎంట్రీ వేయించుకో. అది న్యాక్ (కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) వాళ్లకు చూపించడానికి రాసే పుస్తకమని పిల్లల నమ్మకం (కొన్నిచోట్ల నిజమే లెండి). అయినా కమిటీ ముందు నీ తరపున మాట్లాడేది అదే.

పలమనేరు_అక్క:
బ్యాక్‌లాగ్‌లకు మెంటర్ కన్నా ఆ సబ్జెక్టు సార్‌ని పట్టుకో. సప్లీ (పోయిన సబ్జెక్టుకు మళ్లీ రాసే పరీక్ష) రాసినా ఇంటర్నల్ (కాలేజీలో వేసే 30 మార్కులు) మారదు కాబట్టి అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టు. 30కి 12 ఉంటే, మొత్తం 40 కావడానికి ఎక్స్‌టర్నల్‌లో (యూనివర్సిటీ పెట్టే 70 మార్కుల పరీక్షలో) 28 కావాల. 22 ఉంటే 18 చాలు కదా అనుకుంటారు, చాలదు. 70లో 35 శాతం, అంటే 25 రావాల్సిందే.

సార్ దగ్గరికి పోయి "మ్యాథ్స్ రావడం లేదు సార్" అంటే "బాగా చదువు" అని పంపించేస్తారు. నువ్వు చేసిన లెక్క కాగితం చూపించి "ఐగన్ వాల్యూలు వస్తున్నాయి, వెక్టర్ కనుక్కునే దగ్గర ఆగిపోతున్నా" అను. పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఈ సెమ్‌లో ఫస్ట్ మిడ్ (సెమ్ మధ్యలో కాలేజీ పెట్టే ఇంటర్నల్ పరీక్ష) పోయినా చేతులెత్తేయొద్దు. మార్కులు ఎక్కువొచ్చిన మిడ్‌కి 80 శాతం, రెండోదానికి 20 శాతం వెయిటేజీ. 12, 24 వస్తే 19.2కి 2.4 కలిపి 21.6.

చిత్తూరు_ఈసీఈ:
థ్యాంక్స్ అక్కా. సార్ ఎప్పుడు చూసినా క్లాసులోనే ఉంటారు. సాయంత్రం ఆగితే కాలేజీ బస్సు పోతుంది. వాట్సాప్ పెట్టేదా?

సెక్షన్_ఇన్‌ఛార్జ్:
రాత్రి పదికి మాత్రం వద్దు నాయనా. స్టాఫ్ రూమ్‌లో ఎవరినడిగినా ఆయన ఖాళీ పీరియడ్ చెప్తారు. ముందురోజే రోల్ నంబర్, సెక్షన్, విషయం, ఏ పీరియడ్‌లో వస్తావో ఒకే మెసేజ్‌లో రాయి. "గుడ్ ఈవెనింగ్ సార్" అని ఒక్క ముక్క పెట్టి రిప్లై కోసం కూర్చునేవాళ్లే ఎక్కువ.

పుత్తూరన్న:
ఎవరైనా ఇంటర్నల్స్ పేరు చెప్పి బెదిరిస్తే నోటిమాటతో తిరగొద్దు. హెచ్‌ఓడీకి కాగితం మీద ఇవ్వు. అక్కడ కదలకపోతే కాలేజీలోని విద్యార్థి ఫిర్యాదుల కమిటీకి పో. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం 15 పనిదినాల్లో అది నివేదిక ఇవ్వాల. అదీ నచ్చకపోతే 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కి (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు. ఇచ్చిన ప్రతిదానికీ ఆఫీసులో ఇన్‌వర్డ్ నంబరు వేయించుకొని జిరాక్స్ దగ్గర పెట్టుకో.

యాదమరి_సివిల్:
ఇది చదివే మిగతావాళ్లకి: మీది అటానమస్ (సొంతంగా సిలబస్, పరీక్షలు పెట్టుకునే) కాలేజీ అయితే పై అంకెల్లో కొన్ని మారతాయి, మీ కాలేజీ రెగ్యులేషన్ పుస్తకమే చూసుకోండి. ఎస్వీయూ డిగ్రీ వాళ్లు ఈ మిడ్‌ల లెక్క అసలు వాడొద్దు.