6.3 సిజిపిఏకి వరద కారణమని రాయొచ్చా?

లంకకుర్రాడు:
అందరికీ నమస్కారమండి. మాది ముమ్మిడివరం దగ్గర, గోదావరి మధ్యలో ఉండే లంక ఊరు. 2025లో సివిల్‌లో బీటెక్ అయింది. సిజిపిఏ పదికి 6.3. 2-1లో, అంటే రెండో ఏడాది మొదటి సెమిస్టర్లో నాలుగు, 2-2లో మూడు సబ్జెక్టులు పోయాయి. అన్నీ సప్లీల్లో రాసుకుని గట్టెక్కాను. మూడో ఏడాది నుంచి ఒక్కటీ పోలేదు. 4-1లో 8.1 వచ్చింది. నీటి వనరుల్లో ఎమ్మెస్‌కి అప్లై చేద్దామని ఉంది.

ఒక కన్సల్టెన్సీకి వెళ్తే ఎస్‌ఓపీ, అంటే ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో అప్లికేషన్‌తో పెట్టే వ్యాసం, వాళ్లే రాసిచ్చారు. 2022 జూలై గోదావరి వరదలో మా ఇల్లు మునిగిందని, ఆ దెబ్బకి చదువు పాడైందని అందులో ఒక పేరా ఉంది. వరద నిజమే. మా వీధిలో నడుముల్లోతు నీళ్లు. అమ్మావాళ్లు పది రోజులు స్కూలు బిల్డింగులో ఉన్నారు. కానీ మాకు 2-1 క్లాసులు మొదలైంది నీళ్లు తీసిన రెండు నెలలకి. సబ్జెక్టులు పోయింది ఎందుకంటే, కాకినాడలో రూమ్ తీసుకుని రాత్రంతా ఫోన్లో గేములాడి పగలు పడుకున్నాను కాబట్టి. అంతకు మించి కథేం లేదు.

ఆ పేరా ఉంచాలా, తీసెయ్యాలా? తీసేస్తే మార్కుల సంగతి అసలు ఎత్తాలా వద్దా? "వరదొచ్చిన మాట నిజమేగా, రాస్తే తప్పేంటి" అంటున్నారు నాన్న.

గట్టుమీదోడు:
ఉంచు తమ్ముడూ. మీ నాన్నగారే కరెక్టు. ఆ ఏడాది ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. గూగుల్ చేసినా దొరుకుతుంది. క్లాసులు ఏ తారీఖున మొదలయ్యాయో అమెరికాలో ఎవడు చూస్తాడు? వందలకొద్దీ అప్లికేషన్ల మధ్య నీది ఒకటి. కాస్త జాలి పుడితే పుట్టనీ. గేములాడానని రాస్తావా ఏంటి?

ఉప్పుటేరు:
గేములాడానని రాయక్కర్లేదు, వరదనీ రాయక్కర్లేదు. నాది భీమవరం వైపు. 6.1తో అమెరికాలో ఎమ్మెస్ చేశాను, తొమ్మిది అప్లై చేస్తే రెండొచ్చాయి. ఎస్‌ఓపీలో మార్కుల గురించి ఒక్క ముక్క రాయలేదు. చదివేవాళ్లకి ట్రాన్స్‌క్రిప్ట్ కనపడుతూనే ఉంటుంది కదా. పనిగట్టుకుని మనమే వేలు పెట్టి చూపించడం దేనికి?

ఇంకో మాట. అమెరికావాళ్ల నాలుగు పాయింట్ల స్కేలులోకి మార్చడానికని 6.3ని 0.4తో హెచ్చించేసి 2.52 అనుకుని బెంగపడే కుర్రాళ్లని చాలామందిని చూశాను. అక్కడ లెక్క అలా ఉండదు. గ్రేడ్లు మదింపు చేసేవాళ్లు సబ్జెక్టు సబ్జెక్టుకీ విడివిడిగా మార్చి, క్రెడిట్లతో కలిపి చూస్తారు. చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు 3.0 అడుగుతాయి గానీ, వాళ్ల పద్ధతిలో లెక్క కట్టకుండా నువ్వే ఫెయిలైపోకు. చివరి రెండేళ్ల మార్కులు విడిగా చూసే డిపార్ట్‌మెంట్లు కూడా ఉన్నాయి. నీకు పనికొచ్చేది అదే.

గట్టుమీదోడు:
అంటే దాచమంటున్నారన్నమాట. నేను చెప్పిందానికీ దీనికీ తేడా ఏంటండీ?

ఉప్పుటేరు:
అడగని మాట చెప్పకపోవడం వేరు, లేని మాట చెప్పడం వేరు. కొన్ని అప్లికేషన్లలో "మీ అకడమిక్ రికార్డు గురించి ఏమైనా చెప్పదలిస్తే ఇక్కడ రాయండి" అని వేరే గడి ఉంటుంది. అడిగారు కాబట్టి అక్కడ రాయొచ్చు.

ర్యాంకు వేటగాడు:
ఇంత తలనొప్పి దేనికి బ్రో, ఇక్కడే ఎమ్‌టెక్‌కి గేట్ ఎంట్రన్స్ రాయి. 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. స్కోరు మూడేళ్లు పనికొస్తుంది. ఎస్‌ఓపీ లేదు, రికమెండేషన్ లేదు. సీటొస్తే నెలకి 12,400 స్టైపెండు కూడా. తాడేపల్లిగూడెంలోనే ఎన్‌ఐటీ ఉంది, ఇంటి నుంచి కొబ్బరి పచ్చడి తెచ్చుకోవచ్చు. నీ బ్యాక్‌లాగులు ఎవడూ అడగడు.

పంట కాలవ:
బ్యాక్‌లాగులు అడగరు గానీ సిజిపిఏ అడుగుతారండి. ఎన్‌ఐటీల ఎమ్‌టెక్ కౌన్సెలింగులో జనరల్, ఓబీసీ వాళ్లకి 6.5 సిజిపిఏ గానీ 60 శాతం గానీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకి 6.0 లేదా 55 శాతం. ఆ గీత దాటాకే గేట్ స్కోరు మాట. ఈ అబ్బాయి ఏ కేటగిరీయో తెలీదు, 6.3 అయితే గీతకి అటో ఇటో. ఐఐటీల్లో డిపార్ట్‌మెంటుని బట్టి ఉంటుంది. మన రాష్ట్రంలో ఎమ్‌టెక్‌కి పెట్టే పీజీఈసెట్‌కి 50 శాతం చాలు.

నేను జర్మనీలో ఉన్నాను కాబట్టి ఆ సంగతీ చెప్తా. ఇక్కడ మన మార్కుల్ని ఒక సూత్రంతో వాళ్ల స్కేలులోకి మారుస్తారు. గరిష్ఠ మార్కులోంచి మన మార్కు తీసేసి, గరిష్ఠానికీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చించి, ఒకటి కలుపుతారు. ఇక్కడ ఎంత తక్కువొస్తే అంత మంచిది. పాస్ గ్రేడు 5 అనుకుంటే 6.3కి 3.2 వస్తుంది. 4 అనుకుంటే 2.85. చూశారా, పాస్ మార్కు ఒక్కటి మారితేనే ఎంత తేడానో! చాలా కోర్సులు 2.5 లోపు అడుగుతాయి. అందుకని మెమో వెనక పాస్ గ్రేడు ఎంతని అచ్చేశారో చూసి లెక్క కట్టుకో, కన్సల్టెన్సీ చెప్పింది నమ్మకు. మన దేశం వాళ్లకి ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా కావాలి. అందులో డాక్యుమెంట్లన్నీ తనిఖీ చేస్తారు.

లంకకుర్రాడు:
థ్యాంక్సండి. నేను జనరలే. అంటే ఎన్‌ఐటీ లేనట్టే. 0.2లో పోయింది.

కొబ్బరి బాబాయ్:
మాది అంబాజీపేట. నాకు మార్కుల గొడవ తెలీదు గానీ డబ్బు మాట ఎవరూ ఎత్తలేదేం? అప్లికేషనుకి చాలాచోట్ల 75 నుంచి 100 డాలర్లు. పది పెడితే మీ నాన్నకి ఎన్ని దింపుల కొబ్బరికాయలో లెక్కేసుకో. సర్కారీ బ్యాంకులో 7.5 లక్షలు దాటితే మామూలుగా తాకట్టు అడుగుతారు. లంక భూమికి కాగితాలు సరిగా ఉన్నాయా? పట్టా లేని భూమైతే బ్యాంకోడు మొహం కూడా చూడడు. మా తోడల్లుడి కొడుకు విషయంలో అదే అయింది. ముందు అది తేల్చుకుని తరవాత వరద సంగతి మాట్లాడుకో.

పాత మాస్టారు:
ఆలస్యంగా చూశాను. ముప్పై ఏళ్లు సివిల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. సిఫారసు లేఖలు ఎన్ని రాశానో లెక్కలేదు.

ముందు వరద మాట. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన రోజున నాకు ఇరవై మూడేళ్లు. మా పెంకుటిల్లు రాజోలు దగ్గర లంకలో ఉండేది. అటక మీద పెట్టిన నా మెమోలు, పదో తరగతి సర్టిఫికెట్ సహా, ముద్దయిపోయాయి. డూప్లికేట్ల కోసం ఏడాదిన్నర తిరిగాను. ఒక పరీక్షకి అప్లికేషనే పెట్టుకోలేకపోయాను. వరద వల్ల చదువు పాడవడమంటే అలా ఉంటుంది. గట్టుమీదోడు గారూ, గూగుల్లో దొరుకుతుంది కదా అని ఎవరి వరదనో ఇంకొకరు వాడుకుంటూ పోతే, రేపు నిజంగా మునిగిన పిల్లాడు రాసింది ఎవరు నమ్ముతారు? ఒకే కన్సల్టెన్సీ నుంచి ఒకే వరద పాతిక ఎస్‌ఓపీల్లో వెళ్తే చదివేవాళ్లకి తెలీదా? కోపంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ఇక మార్కుల మాట. ఎత్తొద్దని ఉప్పుటేరు గారంటున్నారు. ఒకటో రెండో సబ్జెక్టులైతే నేనూ అదే అంటాను. ఏడు పోయాయి, అదీ వరుసగా రెండు సెమిస్టర్లలో. అది ట్రాన్స్‌క్రిప్టులో గుంటలా కనపడుతుంది. చదివేవాడు దాన్ని తన ఊహతో పూడ్చుకుంటాడు. "వీడికి మెకానిక్స్ రాదు" అనుకోవచ్చు. కాబట్టి రెండు వాక్యాలు రాయాలి. రెండే. మొదటి దాంట్లో ఏం జరిగిందో, రెండో దాంట్లో తరవాత ఏం మారిందో. జాలి వద్దు, క్షమాపణలూ వద్దు.

మిగతాది నువ్వు రాయకు బాబూ, నీకు పాఠం చెప్పినవాళ్ల చేత రాయించు. "ఈ అబ్బాయి రెండో ఏడాది వెనకబడ్డాడు, మూడో ఏడాది నుంచి ముందు బెంచీలో కూర్చున్నాడు" అని నువ్వు రాస్తే సాకులా ఉంటుంది. అదే రెండో ఏడాది ఫెయిలైన నీకు తరవాత హైడ్రాలజీ చెప్పిన మనిషి రాస్తే సాక్ష్యం అవుతుంది. బాగా పేరున్నాయన కంటే నిన్ను బాగా ఎరిగినాయన కావాలి.

ఇంతకీ నీ ప్రాజెక్టు ఏంటి? ఇందాకటి నుంచి మార్కుల గోలే గానీ ఆ ముక్క ఒక్కరూ అడగలేదు, నువ్వూ చెప్పలేదు.

లంకకుర్రాడు:
మాస్టారూ, ప్రాజెక్టు అంటే పెద్దదేం కాదండి. మా వైపు రొయ్యల చెరువులు ఎక్కువ కదా. చెరువుల దగ్గర బోర్లలో ఉప్పు ఎంత ఉందో, దూరం పోయేకొద్దీ ఎలా తగ్గుతుందో చూశాం. 38 బోర్లు. ఆరు నెలల పాటు పదిహేను రోజులకోసారి సైకిల్ మీద తిరిగి విద్యుత్ వాహకత మీటర్‌తో కొలిచాను. పోటు రోజుల్లో డ్రెయిన్ పక్క బోర్లలో రీడింగు పెరగడం కనపడింది. మా బ్యాచ్‌లో మిగతా ముగ్గురూ ఎండకి రాలేదు. ఎస్‌ఓపీలో కన్సల్టెన్సీవాళ్లు దాన్ని ఒక లైనులో సరిపెట్టారు.

పాత మాస్టారు:
ఒక లైనా!

పంట కాలవ:
తమ్ముడూ, ఆ డేటా అంతా నీ దగ్గర ఉందా? డెల్టాల్లోకి ఉప్పునీరు రావడం మీద పనిచేసేవాళ్లు నెదర్లాండ్స్‌లో బోలెడు మంది. డెల్ఫ్ట్‌లో నీటి చదువులకే ఐహెచ్ఈ అని ఒక సంస్థ ఉంది. 38 బోర్లు, ఆరు నెలల రీడింగులు సొంతంగా తీసిన బీటెక్ కుర్రాళ్లు ఎంతమంది ఉంటారు? ఎస్‌ఓపీ ఆ సైకిల్‌తో మొదలవ్వాలి.

గట్టుమీదోడు:
సరే, ఒప్పుకుంటున్నా. ఆ ప్రాజెక్టు ముందే చెప్పుంటే నేనూ వరద ఉంచమనేవాణ్ని కాదు. కానీ అందరికీ అలాంటి ప్రాజెక్టు ఉండదండీ మాస్టారూ. కొనుక్కున్న ప్రాజెక్టు, 6.3 సిజిపిఏ. మా బ్యాచ్‌లో సగం మంది అంతే. వాళ్లేం రాయాలి?

పాత మాస్టారు:
వాళ్లు ఈ ఏడాది అప్లై చెయ్యకూడదు. ఉద్యోగమో, గేటో, ఊళ్లో ఏదైనా నిజమైన పనో ఒక ఏడాది చేసి అప్పుడు రాయాలి. కఠినంగా ఉందని తెలుసు.

కొబ్బరి బాబాయ్:
ఏడాది ఖాళీ అంటే పెళ్లిళ్లలో ప్రతివాడూ "అబ్బాయి ఏం చేస్తున్నాడు" అనే అడుగుతాడు మాస్టారూ. అది పడాల్సింది తండ్రి. మీరు తేలిగ్గా అనేశారు.

పాత మాస్టారు:
అదీ నిజమే.

లంకకుర్రాడు:
నిన్న కన్సల్టెన్సీకి వెళ్లి ఆ పేరా తీసెయ్యమన్నాను. "మీ ఇష్టం, వీసా రాకపోతే మమ్మల్ని అడగొద్దు" అన్నారు. కట్టిన అడ్వాన్సు ఇవ్వరట. పోతే పోయింది, నేనే రాసుకుంటున్నాను. మాస్టారు చెప్పిన రెండు వాక్యాలు ఇలా వచ్చాయి, చూడండి:

"దురదృష్టవశాత్తూ రెండో సంవత్సరంలో నేను క్లాసులకి సరిగా వెళ్లకపోవడంతో ఏడు సబ్జెక్టులు తప్పాను. వాటన్నిటినీ తరవాతి ఏడాదిలోనే పూర్తిచేశాను, మూడో సంవత్సరం నుంచి ఏ సబ్జెక్టూ తప్పలేదు."

నాన్నకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తరవాత "క్లాసులకెళ్లలేదా?" అన్నారు. ఆయనకి ఇప్పటిదాకా తెలీదండి.

ఉప్పుటేరు:
అయ్యబాబోయ్.

పాత మాస్టారు:
"దురదృష్టవశాత్తూ" తీసెయ్. మిగతాది బాగుంది. హైడ్రాలజీ చెప్పినాయన లేఖ ఇస్తానన్నారా? రీడింగుల పుస్తకం, మెమోల జిరాక్సులు తీసుకుని ఆదివారం మా ఇంటికి రా, లేఖలో ఏయే సంగతులు రావాలో కూర్చుని చూద్దాం. ఒరిజినల్స్ తేకు. రేవు దాటి రావాలిగా.