ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగులో చెప్పొచ్చా?

దేవరకొండ నాన్న: మా బిడ్డ సర్కారు బడిలో 7వ తరగతి. ఇంగ్లీషు సారు ఒక వాక్యం చదువుతాడు, వెంటనే తెలుగులో అర్థం చెప్తాడు. చివర్లో ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాస్తాడు, పిల్లలు ఎక్కించుకుంటారు. బెల్లు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం అన్నారు కదా, ఇదేనా? ఆ పీరియడ్‌లో తెలుగు బంద్ చేయాలని హెడ్మాస్టరుకు కాగితం ఇద్దామనుకుంటున్న. మీరేమంటారు?

పాలమూరు టీచరమ్మ: అన్నా, నేనూ ఇంగ్లీషే చెప్తాను, వేరే బడిలో. తెలుగు పూర్తిగా ఆపితే ముందు బెంచీలు తలూపుతాయి, వెనక బెంచీలు కిటికీలోంచి చూస్తాయి. అర్థమైతేనే భాష ఎక్కుతుందని, భాష ఎలా వస్తుందో పరిశోధించిన స్టీఫెన్ క్రాషెన్ 1980ల్లోనే చెప్పాడు. నేను కథ రెండు ముక్కల్లో తెలుగులో చెప్పి, బొమ్మ చూపించి, తర్వాత ఇంగ్లీషులో చదువుతా. ‘వేర్ ఈజ్ ద గోట్?’ అని అడిగి, ఎవరో ఒకరు ‘అండర్ ద ట్రీ’ అనేదాకా ఆగుతా.

బీఈడీ బాబు: క్రాషెన్ చెప్పింది ఇంగ్లీషునే అర్థమయ్యేలా వినిపించమని. ప్రతి వాక్యాన్నీ తెలుగు చేయమని కాదు.

పాలమూరు టీచరమ్మ: నేనెప్పుడన్నాను ప్రతి వాక్యం అని? పైన చదవండి.

మిర్యాలగూడ మిల్లు: మా పిల్లలు యూట్యూబ్ చూసే నేర్చారు.

బీఈడీ బాబు: ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు పుస్తకాలు ఇచ్చారుగా. పిల్లలు తెలుగు పేజీయే చదువుతారు. రోగం అక్కడుంది.

దేవరకొండ నాన్న: అవి లెక్కలు, సైన్సు లాంటివాటికి. నేను అడిగింది ఇంగ్లీషు పీరియడ్ గురించి.

పాలమూరు టీచరమ్మ: తొందరపడితే పని కాదన్నా. జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు కెనడాకు వలస వెళ్లిన పిల్లలను చూసి చెప్పాడు, మామూలు మాటలకు రెండేళ్లు చాలు, పాఠం చదివి అర్థం చేసుకునే భాషకు 5 నుంచి 7 ఏళ్లు పడుతుందని.

దేవరకొండ నాన్న: అది కెనడాల. అక్కడ గేటు దాటితే ఇంగ్లీషే. మా ఊర్ల ఆ పీరియడ్ దాటితే ఇంగ్లీషు ఎవరి నోట్ల వినాలె? ఉన్న ముప్పావు గంటలో సగం తెలుగుకే పాయె. ఇంతకీ మేడం, మీ పిల్లలు ఏ బడిల చదువుతున్నరు?

పాలమూరు టీచరమ్మ: ప్రైవేటులో. అయితే? నా జీతం, నా పిల్లలు. ఇది చర్చా, పంచాయితీనా?

తండా పోరడు: ఇద్దరూ ఆగండి. మాది చందంపేట వైపు తండా. ఇంట్లో లంబాడీ. ఒకటో తరగతిలో నాకు తెలుగే పరాయి భాష. ‘పలక తీయి’ అంటే పక్కోడు ఏది తీస్తే అది తీసేవాణ్ని. మా సారు ఎద్దును, బండిని చూపించి తెలుగులో పేరు చెప్పి, మా భాషలో ఏమంటారో అడిగి తానూ పలికేవాడు. ఆయన తప్పు పలికితే క్లాసంతా నవ్వేది. సారే తప్పు పలకంగ మాకేం భయం అని మేమూ తెలుగు మాట్లాడినం. ఇంతకీ తెలుగులో చెప్తే అర్థమైతదంటున్నరు, ఎవరికి?

దేవరకొండ నాన్న: నాకు కావల్సింది ఆ మాట్లాడుడే తమ్మీ. నేను డిగ్రీ ఫస్ట్ క్లాసు. హైదరాబాద్‌ల ఇంటర్వ్యూకు పోతే నీ గురించి చెప్పమన్నరు, ఇంగ్లీషుల. గ్రామరంతా తెలుసు, నోరు పెగల్లే. ఇప్పుడు ట్రాక్టర్ల షెడ్డు. మా బిడ్డకు ఒక ఏడాది అర్థం కాకున్నా పర్వాలే, చెవిన పడాలె.

పాలమూరు టీచరమ్మ: మీ బిడ్డకు ఇంట్లో మీరున్నారు. నా క్లాసులో అమ్మానాన్న పుణెకు కూలికి పోతే నాయనమ్మ దగ్గరుండే పిల్లలున్నారు. పత్తి ఏరే రోజుల్లో బెంచీలు ఖాళీ. తిరిగొచ్చిన పిల్లాడికి ఒక్క ముక్కా అర్థం కాకపోతే మళ్లీ రాడు. మీరు ఏడాది ఆగగలరు, వాడు ఆగడు.

దేవరకొండ నాన్న: వాడు రావాలని మా బిడ్డ వెనకబడాల్నా?

పాలమూరు టీచరమ్మ: మీ బిడ్డ నోరు కట్టేస్తున్నది బోర్డు మీది జవాబు. అది ఆపమని రాయండి, సరిగ్గా రాశారంటాను. తెలుగు బంద్ అంటే మాత్రం ఒప్పుకోను.

దేవరకొండ నాన్న: బోర్డు సంగతి పైన రాస్తా. తెలుగు బంద్ అన్న లైను కిందుంటది, తీసెయ్య. హెడ్మాస్టరు ఏది కొట్టేస్తడో సోమవారం తెలుస్తది.