కొవ్వు ఆమ్లం న్యూరాన్ పొరను తానే దాటుతుందా, ప్రొటీన్ దాటిస్తుందా?

కణదర్శి:
న్యూరాన్ పొరల్లో డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం దండిగా ఉంటుంది, అందులో చాలా భాగం బయటి నుంచి రావాల్సిందే. అది పొర దాటాలంటే సీడీ36, ఎఫ్ఏటీపీ లాంటి ప్రొటీన్లు ఉండాలని ఒక పాఠంలో చదివాను. ఏ ప్రొటీనూ అక్కర్లేదని ఇంకో పాఠంలో ఉంది. దేన్ని నమ్మాలి?

పొరవాది:
తానే దాటుతుందండీ. 1990లలో కాంప్, హామిల్టన్ అనే శాస్త్రవేత్తలు ఒక్క ప్రొటీనూ లేని లిపిడ్ బుడగలు చేశారు. పీహెచ్‌ను బట్టి వెలుగు మారే రంగును వాటిలో నింపి, బయట కొవ్వు ఆమ్లం కలిపారు. చూస్తుండగానే లోపలి పీహెచ్ పడిపోయింది. ఎలాగంటే, కొవ్వు ఆమ్లం తల ప్రోటాన్‌ను తగిలించుకోగానే దాని విద్యుదావేశం పోతుంది. అప్పుడది పొరలో పల్టీ కొట్టి, అవతల తేలి, ప్రోటాన్‌ను అక్కడ వదిలేస్తుంది. పొరలో ఉన్నప్పుడు దాని పీకేఏ (సగం అణువులు ప్రోటాన్‌తో ఉండే పీహెచ్) 7.5 దాకా పెరుగుతుంది కాబట్టి, శరీరపు పీహెచ్‌లో దాదాపు సగం అణువులు ఎప్పుడూ పల్టీకి సిద్ధమే. నాకు ఇంతకన్నా అందమైన ప్రయోగం తెలీదు.

నాడీతంతు:
బుడగ వేరు, బతికున్న మెదడు వేరు. ఎంఎఫ్ఎస్‌డీ2ఏ అనే ప్రొటీన్ లేని ఎలుకల మెదళ్లలో డీహెచ్ఏ బాగా పడిపోయిందని, తలలు చిన్నవయ్యాయని 2014లో సింగపూర్ బృందం చూపింది. మరుసటి ఏడాది, ఆ జన్యువు దెబ్బతిన్న పిల్లల్లోనూ చిన్న తలలే కనిపించాయి. తానే దాటగలిగితే ఆ పిల్లలకు ఈ గతి ఎందుకు పట్టింది?

పొరవాది:
ఆ ప్రొటీన్ మోసేది విడి కొవ్వు ఆమ్లాన్ని కాదు, లైసోఫాస్ఫాటిడైల్‌కోలిన్ అనే ఒంటితోక ఫాస్ఫోలిపిడ్‌కు అతుక్కుని ఉన్న డీహెచ్ఏని. దాని తల మీద ప్లస్, మైనస్ రెండూ ఉంటాయి. అంత ఆవేశంతో అది అంత తేలిగ్గా పల్టీ కొట్టలేదు, మోసేవాళ్లు ఉండాల్సిందే. పైగా వాళ్లు చూసిన ప్రొటీన్ మెదడు రక్తనాళాల గోడ కణాల్లో ఉంది. మనం మాట్లాడుతున్నది న్యూరాన్ గురించి.

నాడీతంతు:
రక్తనాళం మాట ఒప్పుకుంటాను. కానీ సీడీ36 ఎక్కువగా ఉన్న కణాలు కొవ్వు ఆమ్లాన్ని ఎక్కువగా తీసుకుంటాయి కదా, దానికేమంటారు?

జీవరసం:
ఇద్దరూ గుమ్మం దగ్గరే పోట్లాడుకుంటున్నారు. లోపలికి పల్టీ కొట్టింది బయటికీ కొడుతుంది, మరి దాన్ని ఆపేదెవరు? న్యూరాన్‌లో ఏసీఎస్ఎల్6 అనే ఎంజైమ్ డీహెచ్ఏ తలకి కోఎంజైమ్-ఏ అనే పెద్ద అణువును తగిలిస్తుంది. ఆ బరువైన, ఆవేశమున్న తలతో ఇక పల్టీ కుదరదు. అక్కడి నుంచి అది పొరను కట్టే ఫాస్ఫోలిపిడ్‌లోకి చేరుతుంది. ఈ ఎంజైమ్ తీసేసిన ఎలుకల మెదళ్లలోనూ డీహెచ్ఏ తగ్గింది. నాడీతంతు గారూ, నిమిషాల తరబడి కొలిస్తే మీకు కనిపించేది దాటడం ఒక్కటే కాదు, లోపల బంధించడం కూడా. సీడీ36 ఆ రెండో పనికి తోడ్పడుతోందేమో ఆలోచించండి.

కొలెస్ట్రాల్‌ను మాత్రం ఇందులో కలపకండి. దాన్ని న్యూరాన్ల పక్కనుండే ఆస్ట్రోసైట్ కణాలు తయారుచేసి, అపోఈ అనే ప్రొటీన్ ఉన్న కొవ్వు కణికల్లో పంపితే, న్యూరాన్ గ్రాహకాలతో పట్టుకుని లోపలికి మింగుతుంది.

కణదర్శి:
నా రెండు పాఠాల్లోనూ కొలిచిన వ్యవధులు వెతికాను. బుడగల ప్రయోగం సెకన్లలో ముగిసింది, కణాల ప్రయోగం ఐదు నిమిషాలు నడిచింది. రెంటికీ పెట్టిన పేరు మాత్రం ఒక్కటే, ‘అప్‌టేక్’, అంటే లోపలికి తీసుకోవడం.