బ్రిటన్ సంతకం కేమన్ దీవుల ఓడకు చెల్లుతుందా?

కంచరపాలెం_అన్న: మా తమ్ముణ్ణి బ్రిటన్ కింద ఉన్న కేమన్ దీవుల జెండా ఉన్న ఓడలో చేరమని ఏజెంటు తొందరపెడుతున్నాడు. నావికుల హక్కుల ఒప్పందం ఎంఎల్‌సీని బ్రిటన్ 2013లో ధ్రువీకరించింది కదా, దీవులకూ వర్తించినట్టేనా?

మర్రిపాలెం_వకీలు: దానంతటదే వర్తించదండీ. దేశాల మధ్య ఒప్పందాలు ఎలా చెల్లుతాయో చెప్పే 1969 నాటి వియన్నా ఒప్పందం 29వ అధికరణ ప్రకారం, వేరే ఉద్దేశం కనబడకపోతే ఒప్పందం దేశమంతటికీ చెల్లుతుంది. బ్రిటన్ ఆ వేరే ఉద్దేశాన్ని ప్రతిసారీ రాసి ఇస్తుంది. సాధారణంగా దీవి ప్రభుత్వాన్ని అడిగి, అక్కడ చట్టం సిద్ధమయ్యాకే దాని పేరు చేరుస్తుంది. కార్మిక ఒప్పందాలకు విడిగా ప్రకటన కావాలి. కేమన్, బెర్ముడా, జిబ్రాల్టర్, మాన్ దీవి తరఫున అవి ఉన్నాయి. నిశ్చింతగా చేరమనండి.

పాత_సెకండింజనీరు: నిశ్చింతగానా? 2011లో అలాంటి దీవి జెండా కిందే పనిచేశాను. యజమాని ఓడను గాలికి వదిలేశాడు, నెలల జీతం పోయింది. రిజిస్ట్రేషన్ రుసుము దీవికి, దర్జా బ్రిటన్‌ది, పస్తులు మావి. దేశమంతటికీ అన్నాక మళ్లీ ఈ మినహాయింపు దేనికి?

సీతమ్మధార_మూర్తి: చిన్న సవరణ. కేమన్‌లాగా మాన్ దీవి ఓవర్సీస్ టెరిటరీ (బ్రిటన్ కింది దూరపు భూభాగం) కాదు, క్రౌన్ డిపెండెన్సీ (బ్రిటన్‌లో భాగం కాకుండా నేరుగా రాచరికం కింద ఉండే దీవి).

పాత_సెకండింజనీరు: జీతం రానివాడికి రెండూ ఒకటే.

మర్రిపాలెం_వకీలు: మీకు జరిగింది అన్యాయమే. కానీ 2011లో ఎంఎల్‌సీ ఎక్కడా అమల్లో లేదు, 2013 ఆగస్టు 20న వచ్చింది. ఓడను వదిలేస్తే నాలుగు నెలల జీతం వరకు పూచీ 2017 జనవరి నుంచే. ఇందులో దీవుల తప్పేముంది?

సీతమ్మధార_మూర్తి: జెర్సీ, గెర్న్సీ కూడా క్రౌన్ డిపెండెన్సీలే.

పాత_సెకండింజనీరు: మూర్తిగారూ, దండం. వకీలుగారూ, తేదీలు చదివి నా నోరు మూయించకండి. ఢిల్లీ ఒప్పుకుంటే నికోబార్‌కూ చెల్లుతుంది. లండన్‌కు మాత్రం దీవి కావాలి, బాధ్యత వద్దు!

మర్రిపాలెం_వకీలు: అండమాన్ నికోబార్ నుంచి లోక్‌సభకు ఎంపీ ఉన్నారు. కేమన్ నుంచి లండన్ పార్లమెంటులో ఎవరూ లేరు. వాళ్లను అడగకుండా సంతకం పెట్టడం దొరతనం కాదా? డెన్మార్క్ పారిస్ వాతావరణ ఒప్పందంలో చేరినప్పుడు గ్రీన్‌లాండ్‌ను బయటే ఉంచింది. 2023లో వాళ్లే ఇష్టపడి చేరారు. పద్ధతి అంటే అది.

పాత_సెకండింజనీరు: వాళ్ల స్వపరిపాలనకు నేను అడ్డం కాదు. చట్టం చేసుకోవడానికి వాళ్లు ఎంత కాలమైనా తీసుకోనీయండి, అందాకా ఆ జెండాను అద్దెకివ్వకూడదు. మీరు దీవి మాట వినాలంటున్నారు, నేను ఓడలో ఉన్నవాడి సంగతేమిటంటున్నాను. అతనికి కేమన్‌లోనూ ఓటు లేదు, లండన్‌లోనూ లేదు.

మర్రిపాలెం_వకీలు: దానికే రేవు తనిఖీ ఉంది. ఎంఎల్‌సీలో చేరని జెండాకైనా, చేరిన దేశపు రేవులో మినహాయింపు దొరకదు. భారత్ 2015లో చేరింది. విశాఖ రేవుకొచ్చే విదేశీ ఓడను ఎంఎండీ (కేంద్ర ప్రభుత్వ వాణిజ్య నౌకల విభాగం) సర్వేయరు తనిఖీ చేయవచ్చు.

పాత_సెకండింజనీరు: మా ఓడ విశాఖ రానేలేదు.

కంచరపాలెం_అన్న: ఇంతకీ తమ్ముడు చేరాలా వద్దా?

పాత_సెకండింజనీరు: ముందు ఏజెంటుకు నావికులను ఓడల్లో చేర్చడానికిచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉందో లేదో చూడు బాబూ. జీతాల పూచీ సర్టిఫికెట్ ఓడలో అందరికీ కనబడేచోట అతికించి ఉండాలి, దాని ఫొటో పంపమను. పంపనంటే ఏ జెండా అయినా ఎక్కనివ్వకు.