పొద్దున టిఫిన్ బడిలో పెట్టాలా, ఆ డబ్బు తల్లి ఖాతాలో వెయ్యాలా?

గుడిపాల_కుర్రోడు:
మా మండలం దాటితే తమిళనాడు, వేలూరు జిల్లా. అక్కడి సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకు పొద్దున్నే ఉప్మానో, పొంగలో, కిచిడీనో పెడతారు. 2022 సెప్టెంబరులో కొన్ని బళ్లతో మొదలుపెట్టి, 2023 ఆగస్టులో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటికీ ఇచ్చేశారు. మన ఆంధ్రాలో వారానికి మూడు రోజులు రాగిజావ, మిగతా రోజులు మధ్యాహ్నం దాకా ఆగాల్సిందే. మనమూ టిఫిన్ పెట్టాలంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

తిరుపతి_ఆటో:
అన్నీ సర్కారే పెడితే ఇంక అమ్మానాన్నలు దేనికన్నా? మనిషికి 5 కిలోల బియ్యం ఉచితం. 2025లో తల్లికి వందనం కింద బడికెళ్లే బిడ్డకు 13,000 తల్లి ఖాతాలో పడింది. మధ్యాహ్నం అన్నం, వారానికి ఐదు గుడ్లు, చిక్కీ. ఇన్ని ఉండీ ఇంట్లో రెండు దోసెలు పొయ్యలేరంటే నేను నమ్మను. ఇంకా డబ్బుంటే అదీ తల్లి ఖాతాలోనే వెయ్యండి. బిడ్డకు ఏం కావాలో ఆమెకు తెలీదా?

పలమనేరు_టీచరమ్మ:
తెలుసు సార్. కానీ దోసె పొయ్యాలంటే పోసే మనిషి ఆ టైముకి ఇంట్లో ఉండాలి కదా! మా బడి పిల్లల తల్లులు చాలామంది టమోటా కోతకి ఆరింటికే ఆటో ఎక్కేస్తారు. ఎండెక్కకముందే కోత అయిపోవాలి, ఆలస్యమైతే ఆ రోజు కూలి పోయినట్టే. ఆరో తరగతి పిల్ల తమ్ముడికి తల దువ్వి బడికి తెస్తుంది. రాత్రి అన్నం మిగిలితే మజ్జిగ పోసుకుని తింటారు, లేదంటే దారిలో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్టు ఇద్దరూ పంచుకుంటారు. ప్రార్థనలో కళ్లు తిరిగి కూర్చుండిపోయేది సోమవారం ఎక్కువ, ఆదివారం మధ్యాహ్న భోజనం ఉండదు కాబట్టి. జావ రోజు ఆ గొడవ ఉండదు. గ్లాసు మర్చిపోయినవాడు టిఫిన్ డబ్బా మూత పట్టుకుని లైన్లో నిలబడతాడు, మూత నాకేసి మళ్లీ లైన్లోకొస్తాడు. ఖాతాలో 13,000 ఉన్నా ఆ తల్లి ఆరింటికి ఆటో ఎక్కక తప్పదు.

తిరుపతి_ఆటో:
మేడమ్, మీరు చూసింది కాదనను. అలాంటి ఇళ్లు ఎన్ని ఉంటాయని? వాటికోసం రాష్ట్రమంతా పొయ్యిలు వెలిగించాలా?

గుడిపాల_కుర్రోడు:
2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. రక్తహీనత ఉన్నవాళ్లు 63 శాతం. ఈ పిల్లలే రేపు ఒకటో తరగతికి వచ్చేది. ఇంకో మాట. పొద్దున కూడా పోషకాహారం పెట్టాలని 2020 జాతీయ విద్యా విధానంలోనే రాసుకున్నారు. 2021లో మధ్యాహ్న భోజనానికి పీఎం పోషణ్ అని కొత్త పేరు పెట్టారు గానీ, టిఫిన్‌కి మాత్రం పైసా పెట్టలేదు.

వి.కోట_రైతు:
డబ్బు మాట వచ్చింది కాబట్టి పక్క రాష్ట్రం సంగతి వినండి. కర్ణాటకలో అన్నభాగ్య అనే ఉచిత బియ్యం పథకం కింద అదనంగా ఇస్తామన్న 5 కిలోలకు బియ్యం దొరక్క, 2023 జులై నుంచి కిలోకి 34 చొప్పున మనిషికి 170 రూపాయలు ఖాతాలో వేశారు. 2025 ఫిబ్రవరికి మళ్లీ బియ్యానికే వచ్చారు. మా చెల్లెల్ని అక్కడే ఇచ్చాం. వాళ్లింట్లో ఆ డబ్బు సగం ఫోన్ రీఛార్జికి, సగం చీటీకి పోయేది. నేను తప్పు పట్టను, చీటీ కట్టకపోయినా పరువు పోతుంది. కానీ పిల్లల పళ్లెంలోకి మాత్రం ఏమీ రాలేదు.

తిరుపతి_ఆటో:
బియ్యం ఇచ్చినా అంతేగా! మా వీధిలోకే బండేసుకొచ్చి కిలో పదికో పన్నెండుకో కొనుక్కుపోతున్నారు. వండుకునేవాళ్లేమో నీళ్లలో తేలిన గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తారు.

పలమనేరు_టీచరమ్మ:
అయ్యో, ఆ గింజలే అసలైనవి సార్! బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలుగా చేసి, మామూలు బియ్యంలో వందకి ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. మా బడి వంటమ్మలు కూడా మొదట్లో చేటలో ఏరి పక్కన పెట్టేవాళ్లు. చెప్పేవాళ్లు లేక వచ్చిన తంటా.

కొర్లగుంట_వాసి:
మా చుట్టాలు ఒకటే మాట, "తిరుపతిలో ఉండి ఆకలేంటి సామీ" అని. కొండమీద అన్నప్రసాదం 1985లో ఎన్టీఆర్ హయాంలో మొదలైంది, గొప్ప పనే. కానీ మూడో తరగతి పిల్లను రోజూ అలిపిరి దాటి పైకెళ్లి తినిరమ్మంటామా? 5 రూపాయల అన్న క్యాంటీన్ అంటారు. నేనూ తింటాను, ఇడ్లీ బాగుంటుంది. అయితే అది దినకూలీకి, ఆటో అన్నకి. ఎక్కువగా టౌన్లలోనే ఉన్నాయి, ఆదివారం మూసేస్తారు. బడి పిల్లల తిండి బడిలోనే ఉండాలి. అన్నట్టు, ఎండాకాలం సంగతి ఎవరూ ఎత్తలేదే? కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. మన జిల్లాలకు కరువు కొత్తా?

బంగారుపాళ్యం_మిట్ట:
అందరూ టిఫిన్ టిఫిన్ అంటున్నారు, వండేదెవరో ఒక్కరూ అనలేదు. మా అమ్మ బడిలో వంట చేస్తుంది. నెలకు 3,000. ప్రాథమిక బడిలో ఒక బిడ్డ భోజనానికి పప్పు, కూరగాయలు, నూనె, గ్యాస్ అన్నిటికీ కలిపి కేంద్రం 2025 మేలో కట్టిన రేటు 6 రూపాయల 78 పైసలు. టమోటా రేటు పెరిగిన నెలలో కిరాణా కొట్లో అప్పు మా పేరు మీదే. ఇప్పటికే జావ రోజు గంట ముందు వెళ్తుంది, దానికి వేరే డబ్బేమీ లేదు.

పలమనేరు_టీచరమ్మ:
మీ అమ్మగారి మీద ఇంకో బరువు వెయ్యమని నేనూ అనను తమ్ముడూ. తమిళనాడులో టిఫిన్ పని స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లకు ఇచ్చారు, అదే బడిలో పిల్లలున్న తల్లులను చూసి మరీ. మనకు ఊరూరా డ్వాక్రా సంఘాలున్నాయి. అలా చెయ్యొచ్చు కదా?

తిరుపతి_ఆటో:
మేడమ్ చెప్పినట్టు డ్వాక్రా వాళ్లకిస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ మధ్యాహ్నం దాంట్లో కోసి పొద్దున పెడతామంటే మాత్రం ఒప్పుకోను.

బంగారుపాళ్యం_మిట్ట:
టీచరమ్మా, మీరే అన్నారు కదా, తల్లులంతా ఆరింటికి టమోటా కోతకి పోతారని. డ్వాక్రాలో ఉండేదీ వాళ్లే. కోతకి పోతే సాయంత్రానికి కూలి చేతికొస్తుంది. దాన్ని వదులుకుని ఆరింటికి బడి పొయ్యి దగ్గరికి రావాలంటే ఎంతిస్తారు, ఏ తేదీకిస్తారు? ముందు అది రాయమనండి. మా అమ్మని నేనే ఒప్పిస్తా.