సోఫాలో కూర్చుని పనిచేయడానికి జరిపే బల్ల: కొనాలా, చేయించాలా, అసలు వద్దా?

పారిజాతం (నేరేడ్‌మెట్)

మాది రెండు పడకగదుల ఇల్లు. ఒక గది అత్తయ్యగారిది, మామయ్యగారిది. రెండో గదిలో పాప పదో తరగతి పుస్తకాలు పరుచుకుని ఉంటుంది. నాకు వారంలో 3 రోజులు ఇంటి నుంచే పని. ఇక మిగిలింది హాలు, హాల్లో సోఫా. ఇన్నాళ్లూ టీపాయ్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నెట్టుకొచ్చాను. సాయంత్రమయ్యేసరికి మెడ వెనుక నరాలు బిగుసుకుపోతున్నాయి. ఒళ్లో దిండు మీద పెట్టుకుంటే కింద గాలి ఆడక ల్యాప్‌టాప్ సలసలా కాగుతోంది.

పని మొదలుపెట్టేటప్పుడు సోఫా ముందుకు లాక్కుని, అయ్యాక గోడవారకు జరిపేసే తక్కువ ఎత్తు బల్ల కావాలి. చక్రాల టీపాయ్ కొనేద్దామని మావారు అంటున్నారు. సోఫాలో కూర్చుని ఉద్యోగం చేయడమే తప్పు, ఆ అలవాటుకు బల్ల కూడా తోడు చేయకు అని మా తమ్ముడి మాట. అనుభవం ఉన్నవారు చెప్పండి.

టేకుచెక్క (ముషీరాబాద్)

పారిజాతం గారూ, చక్రాల టీపాయ్ మాత్రం కొనకండి. మీ మెడను పట్టేసింది ఆ టీపాయే. దానికి చక్రాలు తగిలిస్తే నొప్పి కూడా ఇల్లంతా తిరుగుతుంది.

మా నాన్నగారు వడ్రంగి. ఎవరు బల్ల చేయించుకోవడానికి వచ్చినా ముందు వాళ్లను కూర్చోబెట్టి, నేల నుంచి మోచేతి దాకా కొలిచేవారు. ఆ తరువాతే చెక్క సంగతి. మీరూ అదే చేయండి. సోఫా సీటు మామూలుగా 17 అంగుళాలు ఉంటుంది. కూర్చోగానే పరుపు ఓ 3 అంగుళాలు కుంగితే 14కి దిగుతుంది. సీటు నుంచి మోచేయి 8 నుంచి 10 అంగుళాల ఎత్తున ఉంటుంది. అంటే నేల నుంచి 22, 24 అంగుళాల మధ్య మీ బల్ల పైపలక ఉండాలి. టీపాయ్ ఎత్తు 16 లేదా 18. అది కాఫీ కప్పు పెట్టుకోవడానికి పుట్టిన వస్తువు. తక్కువైన ఆ 6 అంగుళాలను రోజూ మీ నడుము వంగి పూడుస్తోంది. డైనింగ్ బల్ల 30 అంగుళాలు కాబట్టి అదీ సోఫాకు పనికిరాదు, భుజాలు చెవుల దాకా లేస్తాయి.

పలక కింద సొరుగు వద్దు. తొడలకే 6 అంగుళాలు కావాలి. 24 అంగుళాల పొడవు, 16 అంగుళాల వెడల్పు ఉంటే ల్యాప్‌టాప్, మౌసు, పక్కన మంచినీళ్ల గ్లాసు పడతాయి. 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పైన సన్‌మైకా, చుట్టూ గుండ్రటి బీడింగ్ (అంచుపట్టీ) చాలు. బీడింగ్ దగ్గర పొదుపు చేయకండి. రోజంతా మణికట్టు ఆనేది అక్కడే.

గట్టికుర్చీ (మియాపూర్)

కొలతలు బాగున్నాయి. నా అభ్యంతరం కొలతల మీద కాదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే నేనూ సోఫాలో చేరాను. ఏడాదిన్నర అక్కడే. మొదట మెడ, తరువాత నడుము, ఆ తరువాత ఎడమచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. చొక్కా గుండీ పెట్టుకుంటుంటే వేలికి గుండీ తగిలిందో లేదో తెలిసేది కాదు. డాక్టరుగారు మోచేతి లోపలి ఎముక పక్కన వేలితో తట్టగానే చిటికెన వేలి దాకా జివ్వుమంది. సోఫా చేతిమీద రోజంతా మోచేయి మోపి ఉంచడంతో అక్కడి నరం నలిగిందని చెప్పారు. ఆ రెండు వేళ్లకూ స్పర్శ తెచ్చేది ఆ నరమేనట. తేరుకోవడానికి 7 నెలలు పట్టింది.

అందుకే మీ తమ్ముడి మాటే నా మాట. హాల్లో గోడకు మడతబల్ల బిగించుకోండి. రెండు బందులు, ఒక గొలుసు. దించితే 29 అంగుళాల ఎత్తున బల్ల, ఎత్తితే గోడకు అతుక్కున్న పలక. డైనింగ్ కుర్చీ లాక్కుని కూర్చోండి. సోఫాలో ఎంత మంచి బల్ల పెట్టుకున్నా మనిషి జారుతూనే ఉంటాడు. బల్ల సౌకర్యంగా ఉంటే గంట కూర్చోవలసినవారు నాలుగు గంటలు కూర్చుంటారు. నేను కూర్చున్నాను.

కొత్తకాపురం (నిజాంపేట)

నాది చిన్న హెచ్చరిక. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి సి అక్షరం ఆకారపు బల్ల తెప్పించాను. కింది కాళ్లు సోఫా కిందికి దూరాలి కదా, మా సోఫా పెట్టెలాగా నేలకు ఆనుకుని ఉంటుంది. దూరే సందే లేదు. బల్ల నాకు మూరెడు దూరంలో ఆగిపోయింది. తిరిగి తీసుకోవడానికి కంపెనీవారు ఒప్పుకోలేదు. బొమ్మలు చూసి కొనకండి. 2018 ఆగస్టులో హైటెక్ సిటీ దగ్గర ఫర్నిచరు కంపెనీ ఐకియా దేశంలోనే తన తొలి దుకాణం తెరిచింది కదా, అక్కడ సోఫాలో కూర్చుని బల్ల లాక్కుని చూడవచ్చు. కొనకపోయినా కొలతలు రాసుకుని రావచ్చు. ఇప్పుడు నేను చేస్తున్నది అదే.

చాపమీద (కాచిగూడ)

సోఫా, కుర్చీ తప్ప ఇంకో దారి లేనట్టే అందరూ మాట్లాడుతున్నారు. నేలను మరిచిపోయారు.

మా తాతగారు కరణం. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యేదాకా ఊరి లెక్కలన్నీ చాప మీద కూర్చుని, అడుగు ఎత్తుండే వాలు బల్ల మీదే రాశారు. అది ఇప్పుడు నా దగ్గర ఉంది. మూత ఎత్తితే లోపల కాగితాలు పెట్టుకునే పెట్టె, పైఅంచున కలం పెట్టుకునే గాడి, మూలన సిరాబుడ్డి దిగే గుండ్రటి గుంట. ఆయన కుడి మోచేయి ఆనిన చోట చెక్క నున్నగా అరిగి, మిగతా మూతకంటే లేతరంగుకు తిరిగింది. ల్యాప్‌టాప్ జారకుండా కింది అంచున సన్నటి చెక్కపట్టీ అంటించుకున్నాను, అంతే. ఒంటిచేత్తో ఎత్తి బాల్కనీలోకి తీసుకుపోతాను. బేగంబజారు పాత దుకాణాల్లో పరుపు మీద కూర్చుని ఇలాంటి బల్లల మీద ఖాతాలు రాసేవారిని చిన్నప్పుడు ఎంతమందిని చూశానో. పారిజాతం గారు అడిగిన తక్కువ ఎత్తు, జరిపే వీలు రెండూ మన ఇళ్లలో ఎప్పుడో ఉన్నాయి.

పారిజాతం

చాపమీద గారూ, మీ బల్ల గురించి చదువుతుంటే మా అమ్మమ్మ ఇల్లు కళ్లకు కట్టింది. కానీ కాన్పు తరువాత నా మోకాళ్లు మునుపటిలా లేవు. అరగంట బాసింపట్టు వేసుకుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి. గట్టికుర్చీ గారూ, మీరు పడిన బాధ చదివి భయం వేసింది. అయితే మా హాల్లో ఖాళీ గోడ లేదు. ఒకవైపు టీవీ, ఒకవైపు పూజ అలమర, మిగిలిన రెండువైపులా కిటికీ, తలుపులు. అద్దె ఇంటి గోడకు మేకులు కొడితే యజమాని ఒప్పుకోరు.

నడకమందు (సికింద్రాబాద్)

నేను ఫిజియోథెరపిస్టును. గట్టికుర్చీ గారు చెప్పిన నరం సంగతి అక్షరాలా నిజం. సోఫా చేతిమీద మోచేయి మోపి పనిచేయకండి. కానీ నేరమంతా సోఫా మీదికి నెట్టడాన్ని మాత్రం ఒప్పుకోలేను.

1960లలో స్వీడన్ వైద్యుడు నాకెమ్సన్ మనుషుల నడుము డిస్కులోకి, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్లలోకి, సూది దించి పీడనం కొలిచారు. ఆయన లెక్కల ప్రకారం నిలబడినప్పటి పీడనాన్ని 100 అనుకుంటే, కూర్చుంటే 140, ముందుకు వంగి కూర్చుంటే 185. కుర్చీ చెడ్డదనే మాటకు బలం వచ్చింది ఇక్కడే. 1999లో జర్మనీలో విల్కే బృందం మళ్లీ కొలిచింది. నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం), ముందుకు వంగి కూర్చుంటే 0.83. వెనక్కి ఆనుకుని కాస్త జారగిలబడినప్పుడు మాత్రం సుమారు 0.3. అంటే నిలబడినప్పటికంటే తక్కువ. రెండు కొలతలూ కలిసేది ఒక్కచోటే: ముందుకు వంగితే డిస్కు నలుగుతుంది. పారిజాతం గారిని వంచుతున్నది టీపాయ్. బల్ల మనిషి దగ్గరికి వస్తే ఆమె వెనక్కి ఆనుకోగలరు.

గట్టికుర్చీ

నడకమందు గారూ, విల్కే బృందం కొలిచింది ఒకే ఒక్క మనిషి వెన్ను. పైగా వెనక్కి ఆనుకున్నవారికి ల్యాప్‌టాప్ తెర ఎక్కడ ఉంటుంది? ఒళ్లో. నడుముకు హాయి, మెడకు శిక్ష. తల ముందుకు వాలి వేలాడుతుంది. నడుము ఒకటే వెన్ను కాదు కదా.

నడకమందు

ఒక్క మనిషే, నిజం. అందుకే ఆ అంకెను పట్టుకుని ఎవరికీ హామీ ఇవ్వను. మెడ సంగతిలోనూ మీతో ఏకీభవిస్తాను. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నంతకాలం చేతికి సరిపోయే ఎత్తు కంటికి సరిపోదు. ఇది 29 అంగుళాల మడతబల్ల మీద కూడా తీరదు, మీ గట్టి కుర్చీలోనూ తీరదు. విడిగా కీబోర్డు, మౌసు తీసుకుని, ల్యాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు పెడితే తెర పైఅంచు కళ్ల ఎత్తుకు దగ్గరవుతుంది. ఇది సోఫా బల్ల మీదా చేయవచ్చు, పలక కాస్త లోతుగా ఉంటే.

సోఫాలో ఇంకో చిక్కు ఉంది. సీటు లోతు 22 అంగుళాల దాకా ఉంటుంది, మన తొడ పొడవు 18 దాకా. వెనక్కి ఆనుకుంటే పాదాలు లేస్తాయి, పాదాలు మోపితే వీపు ఆనదు. గట్టి దిండు ఒకటి నడుము వెనుక పెట్టండి. మెత్తటి దూదిదిండు కాదు, కూర్చున్నా నలగనిది. అరగంటకోసారి లేచి వంటింటి దాకా నడవండి. మా ఆసుపత్రికి వచ్చేవారికి ఇదే మొదట చెబుతాను.

టేకుచెక్క

అయితే పలక వెడల్పు 16 కాదు, 18 చేయించండి. వెనుక పుస్తకాలు, ముందు కీబోర్డు పట్టాలి. ఇక చక్రాల సంగతి. పారిజాతం గారూ, మీ నేల ఏమిటి? టైల్సా, బండలా? సోఫా కింద సందు ఎంత?

పారిజాతం

పాత ఇల్లు, తాండూరు బండలు. ఇప్పుడే పాప చేత కొలిపించాను. సోఫా కింద సందు రెండున్నర అంగుళాలు. నేను కూర్చున్నాక సీటు ఎత్తు 13 అంగుళాలే! పరుపు పాతబడి 4 అంగుళాలు కుంగుతోంది. మోచేయి నేల నుంచి 22.

టేకుచెక్క

అలాగైతే చక్రాలు మానేయండి. 2 అంగుళాల చక్రానికి పైబిళ్ల, ఫ్రేము కలిపితే 3 దాటుతుంది, మీ సందులో దూరదు. బండల అతుకుల మీద గటగటా శబ్దం, మామయ్యగారి మధ్యాహ్నం నిద్ర చెడుతుంది. పైగా టైపు చేస్తుంటే బల్ల మెల్లగా ముందుకు పారిపోతుంది. సి ఆకారంలో అంగుళం చదరపు ఇనుప గొట్టంతో ఫ్రేము చేయించి, కింద దళసరి ఫెల్టు అంటిస్తే చాలు. రెండు వేళ్లతో జరుగుతుంది. ఆఘాపురాలో ఫర్నిచరు పనివాళ్లు ఉన్నారు, మీ వీధి చివర వెల్డింగ్ దుకాణమైనా చేసిపెడుతుంది.

వెల్డింగ్ చేసే అతనికి ఒక్కటి గట్టిగా చెప్పండి. పైపలక ఎంత ముందుకు వస్తుందో, కింది కాళ్లు కూడా సోఫా కిందికి అంతే పోవాలి. ఇనుము మిగుల్చుకోవడానికి కాళ్లు పొట్టిగా చేస్తారు. అప్పుడు ల్యాప్‌టాప్ బరువుకు బల్ల మీ ఒళ్లోకి తూలుతుంది. మూలల్లో అడ్డబద్ద వేయించండి, లేకపోతే టైపు చేసినప్పుడల్లా తెర వణుకుతుంది. మొత్తం ఎత్తు 22 రాసి ఇవ్వండి, పలక మందంతో కలిపి అని స్పష్టంగా చెప్పండి.

గట్టికుర్చీ

నా అభిప్రాయం మారలేదు. కానీ గోడ లేనిచోట మడతబల్ల గురించి నేను పట్టుబట్టడం న్యాయం కాదు. ఒకటి అడుగుతాను పారిజాతం గారూ. ఉదయం వంట అయ్యాక డైనింగ్ బల్ల ఖాళీగానే ఉంటుంది కదా, మొదటి రెండు గంటలు అక్కడ కూర్చోండి. మధ్యాహ్నానికి సోఫాకు రండి. ఎడమచేతి చిటికెన వేలు ఒక్కసారి తిమ్మిరెక్కినా ఆగిపోండి. నేను 3 నెలలు పట్టించుకోలేదు.

పారిజాతం

తప్పకుండా. డైనింగ్ బల్ల ఆలోచన ఇన్నాళ్లూ నాకు రానేలేదు, అది ఎప్పుడూ కూరగాయలతో నిండి ఉంటుందని. పాప సోఫా మీద సున్నంముక్కతో గీత గీసి నా మోచేయి ఎత్తు గుర్తుపెట్టింది. కొలతలు చీటీ మీద రాశాను: ఎత్తు 22 పలకతో కలిపి, పలక 24, 18, కాళ్లు 18, సందు రెండున్నర. శనివారం వెల్డింగ్ దుకాణానికి వెళ్తున్నాము. చీటీ మావారి జేబులో పెట్టాను.