కేసు నోట్స్ ఎంత తక్కువ రాస్తే అంత క్షేమమా?

కొత్తచిగురు:
క్లినికల్ సోషల్ వర్క్‌లో నాకిది రెండో ఏడాది. "నోట్స్‌లో తక్కువ రాయి, రేపు కోర్టు అడిగినా చూపించడానికి ఏమీ ఉండకూడదు" అంటారు మా సీనియర్. పోయిన నెల ఒక క్లయింట్ వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "ఇంక ఎవరి కోసం బతకాలి లెండి" అన్నారు. మళ్లీ కూర్చోబెట్టి 20 నిమిషాలు మాట్లాడాను. నోట్స్‌లో మాత్రం "కాస్త దిగులుగా ఉన్నారు" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. మీరేమంటారు?

పాతకాపు:
మీ సీనియర్ చెప్పిందే నిజం. భర్తతో గొడవ, ఎప్పుడో జరిగిన అబార్షన్, తాగుడు అలవాటు... ఇవన్నీ పూసగుచ్చినట్టు రాస్తే, రేపు పిల్లల కస్టడీ కేసులో అవతలి లాయర్‌కి మనమే అస్త్రం అందించినట్టు.

నిలువుగీత:
పాతకాపు గారూ, సగం ఒప్పుకుంటాను. క్లయింట్ బతుకంతా ఫైల్లోకి ఎక్కించక్కర్లేదు. కానీ వాళ్ల గుట్టు రాయకపోవడం వేరు, మనం చేసిన పని రాయకపోవడం వేరు. కొత్తచిగురు గారు ఆ 20 నిమిషాలూ చేయాల్సిందే చేశారు. కాగితం చూస్తే ఏమీ చేయనట్టుంది! నేనైతే ఇలా రాసేదాన్ని:

"చనిపోవాలన్న ఆలోచన ఉందా అని సూటిగా అడిగాను. అప్పుడప్పుడు వస్తోందన్నారు, ఎలా అన్నది ఆలోచించలేదన్నారు. ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు చెల్లెలికి అప్పగించడానికి ఒప్పుకున్నారు. అందుకే ఇవాళే ఆసుపత్రికి పంపనక్కర్లేదనుకున్నాను. సూపర్‌వైజర్‌తో మాట్లాడాను, ఆవిడా సరేనన్నారు. ఎల్లుండి మళ్లీ రమ్మన్నాను."

ఇందులో ఇంటి గుట్టు ఏముంది చెప్పండి?

పాతకాపు:
బాగుంది. కోర్టు ఫైలంతా తెమ్మంటే?

నిలువుగీత:
సమన్లు రాగానే ఫైలు చేతిలో పెట్టేయాలా? ముందు లాయర్‌ని అడగాలి. అమెరికాలో జాఫీ, రెడ్‌మండ్ కేసు ఉంది. డ్యూటీలో ఒకరిని కాల్చిన పోలీసు అధికారిణి, ఆ తర్వాత ఒక క్లినికల్ సోషల్ వర్కర్ దగ్గర 50 సెషన్ల దాకా కూర్చున్నారు. నోట్స్ ఇమ్మని కింది కోర్టు ఆదేశించినా వాళ్లు ఇవ్వలేదు. చివరికి 1996లో అక్కడి సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో ఆ మాటలకు రక్షణ ఉందని తేల్చింది. సైకియాట్రిస్టులకే కాదు, లైసెన్సున్న సోషల్ వర్కర్లకు కూడా. అన్ని దేశాల్లోనూ ఇలాగే ఉండదు, ఎవరి ప్రాణానికో ముప్పుంటే అక్కడా మినహాయింపు రావచ్చు. అందుకే ఆ సంగతి మొదటి సెషన్లోనే క్లయింట్‌కి చెప్పేయాలి.

కొత్తచిగురు:
అయితే ఆ పాత నోట్‌ని ఇప్పుడు సరిచేసేయనా?

నిలువుగీత:
అమ్మో, దాన్ని ముట్టుకోకండి! తర్వాత దిద్దినట్టు తేలితే మీరు నిజం చెప్పినా నమ్మరు. ఇవాళ్టి తేదీతో "ఆలస్యంగా చేర్చినది" అని విడిగా, గుర్తున్నంత వరకే రాయండి. సూపర్‌వైజర్‌కి కూడా చెప్పండి. ఇంతకీ ఆ క్లయింట్ మళ్లీ వచ్చారా?

కొత్తచిగురు:
వచ్చారు, రెండుసార్లు. ఈ గురువారం కూడా వస్తున్నారు. నోట్ ఇప్పుడే రాస్తున్నాను.

పాతకాపు:
రాయండి. చెల్లెలి పేరు మాత్రం వద్దు.